కృత్తికలు నిజంగానే ఒక గుంపా? ఎంతకాలం కలిసి ఉంటాయి?

ప్రశ్న: మొదటిసారి బైనాక్యులర్‌తో కృత్తికలను చూశాను. ఆ నక్షత్రాలు నిజంగా దగ్గర దగ్గరగా ఉన్నాయా, లేక మన చూపుకు అలా కనిపిస్తున్నాయా? ఫొటోల్లో వాటి చుట్టూ ఉండే నీలి పొగే అవి పుట్టిన మేఘమని విన్నాను, నిజమేనా? ఇవి ఎప్పటికీ ఇలాగే కలిసి ఉంటాయా?

సమాధానం:

ముందు మూడింటికీ సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరంలోకి వెళతాను. కృత్తికలు నిజంగానే కలిసి ఉన్నాయి. ఆ నీలి పొగ వాటిని కన్న మేఘం కాదు. అవి ఎప్పటికీ కలిసి ఉండవు. ఆ గుంపు ఇప్పటికే కొద్దికొద్దిగా కరిగిపోతోంది. ముప్పై ఏళ్లుగా మేడ మీది నుంచి ఆకాశం చూస్తున్న నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ చివరి విషయమే. నక్షత్ర గుచ్ఛం అనగానే కొండలాగా, కోటలాగా స్థిరంగా ఉండే వస్తువు అనుకుంటాం. నిజానికి అది నక్షత్రాల జీవితంలో ఒక దశ. చాలావరకు నక్షత్రాలు గుంపుల్లోనే పుడతాయి. ఆ గుంపును విడిచి వెళ్లనివి చాలా తక్కువ.

నిజంగా కలిసి ఉన్నాయా అన్న ప్రశ్నకు మొదటి జవాబు దుర్భిణితో కాదు, లెక్కతో వచ్చింది. 1767లో జాన్ మిచెల్ అనే ఇంగ్లండు మతాచార్యుడు ఇలా ఆలోచించాడు: అంత ప్రకాశం గల నక్షత్రాలను ఆకాశమంతా గింజల్లా చల్లితే, అందులో ఆరు ఇంత చిన్న జాగాలో పడే అవకాశం ఎంత? సుమారు 5 లక్షల్లో ఒక వంతు అని తేలింది. కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదు, వీటిని ఏదో శక్తి కలిపి ఉంచుతోందని ఆయన తేల్చాడు. తర్వాత కాలంలో ఫొటోలు పోల్చి వాటి కదలికను కొలిచారు. కృత్తికలన్నీ ఒకే దిక్కుకు, దాదాపు ఒకే వేగంతో జరుగుతున్నాయి. మనకు కనిపించే పౌర్ణమి చంద్రుడి వెడల్పంత దూరం జరగడానికి వాటికి సుమారు 36 వేల ఏళ్లు పడుతుంది. అంత నెమ్మది కదలికలో కూడా అన్నీ జతగా నడుస్తున్నాయంటే ఆ బంధం నిజమైనదే.

మీరు బైనాక్యులర్‌లో ఎన్ని లెక్కపెట్టారో రాయలేదు. మామూలు కంటికి ఆరేడు కనిపిస్తాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని పిల్లలకోడి అనేవారు, కోడి చుట్టూ మూగిన పిల్లల్లా ఉంటాయని. 1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో చూసి 36 గీశాడు. గుంపులో నిజంగా ఉన్నవి వెయ్యికి పైగా. వాటి దూరం సుమారు 444 కాంతి సంవత్సరాలు. అంటే మీ కంటికి చేరిన ఆ వెలుగు చార్మినార్ కట్టడానికి కొన్నేళ్ల ముందు బయలుదేరింది. ఈ దూరం మీద పెద్ద వివాదమే నడిచింది. 1997లో హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలు దాదాపు 390 కాంతి సంవత్సరాలని చెప్పాయి. నక్షత్రాల ప్రకాశాన్ని బట్టి కట్టిన లెక్కలు అంతకన్నా ఎక్కువ చూపించాయి. హిప్పార్కస్ చెప్పిందే నిజమైతే నక్షత్రాలు వెలిగే తీరు గురించి మనకు తెలిసిందంతా మళ్లీ సరిచూసుకోవలసి వచ్చేది. 2014లో రేడియో దూరదర్శినులతోనూ, ఆ తర్వాత గయా ఉపగ్రహంతోనూ కొలిచాక పాత లెక్కలే నిలబడ్డాయి.

వాటి వయసు 11 నుంచి 13 కోట్ల ఏళ్లు. దీన్ని తెలుసుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒకే గుంపులో పుట్టినవన్నీ దాదాపు ఒకే వయసువి కదా, బరువులో మాత్రమే తేడా. బరువైన నక్షత్రం తన ఇంధనాన్ని త్వరగా కాల్చేసుకుని ఉబ్బి, ఎర్రబారి, ఆరిపోతుంది. తేలికైనది నిదానంగా వెలుగుతుంది. కనుక గుంపులో ఏ బరువు వరకు నక్షత్రాలు ఇంకా మామూలుగా వెలుగుతున్నాయో చూస్తే వయసు తెలిసిపోతుంది. మరో గడియారం లిథియం. మరీ చిన్న నక్షత్రాల లోపల వేడి మెల్లగా పెరిగి, ఒక దశలో లిథియాన్ని కాల్చేస్తుంది. ఏ బరువు దగ్గర లిథియం ఇంకా మిగిలి ఉందో చూసి కృత్తికల వయసును సరిచూశారు.

ఆ వయసు మనకు ఎక్కువగానే వినిపిస్తుంది. కానీ హైదరాబాదు చుట్టూ కనిపించే గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కృత్తికలు పుట్టేనాటికే ఆ బండలు ముసలివి. మేడ మీద కూర్చుని ఆ గుంపును చూసే ప్రతిసారీ నాకు ఇది గుర్తొస్తుంది: పైన మెరిసేది చిన్నది, కింద ఉన్న రాయి పెద్దది.

ఇక పుట్టుక సంగతి. అది చూడాలంటే కృత్తికలను చూసి లాభం లేదు, వాటికి ఆ వయసు దాటిపోయింది. గొల్లకావడి వైపు తిరగాలి. వరుసగా ఉండే ఆ మూడు చుక్కలకు దక్షిణంగా, కత్తిలా వేలాడే మసక చుక్కలు కనిపిస్తాయి. వాటిలో నడిమిది చుక్క కాదు, ఓరియన్ నీహారిక అనే వాయు మేఘం. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో రెండు మూడు వేల నక్షత్రాలు అక్కడ అప్పుడే కళ్లు తెరుస్తున్నాయి. వాటి వయసు పది నుంచి ముప్పై లక్షల ఏళ్లు. కృత్తికలు కూడా ఒకనాడు ఇలాంటి చోటే పుట్టి ఉండాలి.

నక్షత్రాలు పుట్టే మేఘాలు చాలా చల్లనివి, సున్నాకు దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటాయి. చాలా పలుచనివి కూడా. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరులో సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటే, ఈ మేఘంలో అదే జాగాలో ఉండేవి కొన్ని వందలో కొన్ని వేలో. అయితే మేఘం పదుల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంటుంది కాబట్టి మొత్తం బరువు లక్ష సూర్యుళ్ల స్థాయికి చేరుతుంది. అంత బరువు తన మీదకు తానే కుంగిపోవాలని చూస్తుంది. వాయువులోని వేడి దాన్ని నిలువరిస్తుంది. 1902లో జేమ్స్ జీన్స్ ఈ రెండింటి మధ్య పోటీని లెక్కగట్టాడు: మేఘం ఎంత చల్లనిదైతే, ఎంత చిక్కనిదైతే, అంత చిన్న ముక్క కూడా కుంగిపోగలదు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. మామూలుగా వాయువును నొక్కితే వేడెక్కుతుంది. కానీ ఈ మేఘంలోని అణువులు, ధూళి ఆ వేడిని ఎప్పటికప్పుడు కిరణాల రూపంలో బయటకు పంపేస్తాయి. కాబట్టి మేఘం చిక్కబడుతున్నా వేడెక్కదు. చిక్కబడే కొద్దీ మరింత చిన్న ముక్కలు విడివిడిగా కుంగడం మొదలుపెడతాయి. ఒక పెద్ద మేఘం ఒకే పెద్ద నక్షత్రంగా మారకుండా వందలు, వేల నక్షత్రాలుగా చీలిపోవడానికి ఇదే ముఖ్య కారణం. దీనికి మేఘం లోపలి సుడులు తోడవుతాయి. అవి వాయువును పొడవాటి పోగులుగా సాగదీస్తాయి. 2009లో ప్రయోగించిన హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని తీసిన చిత్రాల్లో ఈ పోగులు దూది ఏకినట్టు స్పష్టంగా కనిపించాయి. అలాంటి పోగులు కొన్ని కలిసే ముడి దగ్గర గుచ్ఛం పుడుతుంది. అందులో బరువైన నక్షత్రాలు కొద్ది, చిన్నవి చాలా ఎక్కువ. ఆ నిష్పత్తిని మొదట లెక్కించినవాడు ఎడ్విన్ సాల్పీటర్, 1955లో.

ఇప్పుడు వచ్చేది పెద్ద గండం. మేఘంలోని వాయువంతా నక్షత్రాలుగా మారదు. గుచ్ఛం పుట్టే చోట వాయువులో 10 నుంచి 30 శాతం మాత్రమే నక్షత్రాలవుతుంది. మిగిలిన వాయువు వాటి మధ్యనే ఉండి, తన బరువుతో వాటిని కట్టి ఉంచుతుంది. ఓరియన్ నీహారిక నడుమ చిన్న టెలిస్కోపుతో చూస్తే నాలుగు చుక్కలు చతుర్భుజంలా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను గుక్క తిప్పుకోలేదు. వాటిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది సూర్యుడికి 30 రెట్లకు మించిన బరువు ఉంటుంది. దాని అతినీలలోహిత కిరణాలు చుట్టూ ఉన్న వాయువును దాదాపు 10 వేల డిగ్రీలకు వేడెక్కించి వెలుపలికి తోసేస్తున్నాయి. మనం చూస్తున్న ఆ అందమైన నీహారిక అంటే, తోసివేతకు గురవుతున్న వాయువు వెలుగే.

వాయువు పోతే దాని బరువూ పోతుంది. పొలంలో వడిసెల తిప్పుతున్నవాడు పట్టు వదిలితే రాయి ఏమవుతుందో, నక్షత్రాల పనీ అదే. గుంపు మొత్తం బరువులో సగానికి మించి ఒక్కసారిగా తొలగిపోతే అది నిలవదని సరళమైన లెక్క చెబుతుంది. వాయువు నిదానంగా పోతే నక్షత్రాలు కొంత విస్తరించి, కొత్త సమతుల్యానికి సర్దుకోగలవు. 2003లో చార్లెస్ లాడా, ఎలిజబెత్ లాడా చేసిన సమీక్ష ప్రకారం, మేఘాల్లో పుట్టిన గుంపుల్లో కృత్తికల వయసు దాకా నిలిచేవి వందలో పది కూడా ఉండవు. ఆకాశంలో మీకు కనిపించే ప్రతి వివృత గుచ్ఛమూ, అంటే కృత్తికల్లాగా వదులుగా చెదిరినట్టుండే ప్రతి గుంపూ, ఈ గండం గడిచి బయటపడినదే. అందుకే నాకు అవి అపురూపంగా కనిపిస్తాయి.

నీలి పొగ విషయానికి వస్తే, ఆ పొరపాటు చాలామంది చేస్తారు, ఒకప్పుడు పుస్తకాల్లోనూ అలాగే రాశారు. ఆ ధూళి సొంతంగా వెలగదు. కృత్తికల వెలుగును చెదరగొట్టి మనకు నీలంగా చూపిస్తుంది. దాని వేగాన్ని కొలిస్తే అది గుంపుతో కలిసి రావడం లేదని తేలింది. కృత్తికలు తమ దారిన పోతూ, ఏ సంబంధమూ లేని ఒక ధూళి మేఘం గుండా ఇప్పుడు దాటుతున్నాయి. ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి: సెకనుకు ఒక కిలోమీటరు చొప్పున కదిలేది పది లక్షల ఏళ్లలో మూడు కాంతి సంవత్సరాలకు పైగా పోతుంది. పన్నెండు కోట్ల ఏళ్ల తర్వాత పుట్టింటి మేఘం వెంట ఉండడం అసాధ్యం.

గండం గడిచిన గుంపు మాత్రం ఎందుకు నిలవదు? మీ మూడో ప్రశ్నలో అసలు భౌతికశాస్త్రం ఇదే. గుంపులోని నక్షత్రాలు ఒకదానికొకటి ఢీకొనవు, మధ్యలో బోలెడంత దూరం ఉంటుంది. కానీ పక్క నుంచి పోతున్నప్పుడు ఒకదాన్నొకటి కొద్దిగా లాగుతాయి. లాగినప్పుడల్లా వేగం కొంత చేతులు మారుతుంది. బరువైనవి వేగం కోల్పోయి నడిమికి దిగుతాయి, తేలికైనవి వేగం పుంజుకుని అంచులకు చేరతాయి. కృత్తికల్లో మెరిసేవి మధ్యలో ఉండటానికి ఇది ఒక కారణం. అంచుకు చేరిన చిన్న నక్షత్రానికి ఒకనాడు కావలసినంత వేగం వస్తుంది, అది గుంపును దాటిపోతుంది. ఎండలో పెట్టిన పళ్లెంలో నీరు ఆవిరైనట్టు గుంపు ఆవిరైపోతుంది. నక్షత్రాలు ఇలా ఎంత త్వరగా పారిపోతాయో 1943లో లెక్కకట్టినవారిలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒకరు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. వేడి వస్తువు శక్తిని కోల్పోతే చల్లారుతుంది. గురుత్వాకర్షణతో నిలిచిన గుంపు శక్తిని కోల్పోతే మరింత వేడెక్కుతుంది, అంటే దాని నక్షత్రాల వేగం పెరుగుతుంది. ఉపగ్రహాన్ని తలుచుకోండి. పైనున్న పలుచని గాలి దాన్ని ఆపాలని చూస్తే అది కిందికి జారి, ఇంకా వేగంగా తిరుగుతుంది. గుంపు నడిమి భాగమూ అంతే: శక్తిని అంచులకు ఇచ్చేకొద్దీ కుంచించుకుని, ఇంకా చురుగ్గా మారి, ఇంకా శక్తిని ఇచ్చేస్తుంది.

బయటి శక్తులూ ఊరుకోవు. పాలపుంత ఆకర్షణ గుంపు రెండు వైపులనూ వేర్వేరు బలంతో లాగుతుంది. దీన్ని 1934లోనే లెక్కించినవాడు బార్ట్ బాక్. నక్షత్రాలు పుట్టే చిన్న నల్లటి మేఘాలకు ఆయన పేరే ఉంది. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు, హార్వర్డులో చదువుతూ 1949లో కనుగొన్న తోకచుక్క పేరులో బప్పుతో పాటు ఉన్నది కూడా ఈ బాక్ పేరే. బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. తర్వాత 1958లో లైమన్ స్పిట్జర్, పక్క నుంచి పోయే పెద్ద మేఘాల తాకిడి కూడా గుంపులను చెదరగొడుతుందని చూపించాడు.

ఈ చెదిరే దశను కూడా మీరు కళ్లతో చూడవచ్చు. కృత్తికలకు దగ్గరగా ఎర్రగా మెరిసే రోహిణి ఉంది కదా, దాని చుట్టూ ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో కొన్ని చుక్కలు ఉంటాయి. పాత జ్యోతిష గ్రంథాలు దీన్ని రోహిణీ శకటం అన్నాయి. ఆ చుక్కలు 150 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గుచ్ఛం. ఎర్రటి రోహిణి మాత్రం అందులోది కాదు, అది 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉండి అడ్డంగా కనిపిస్తోంది. ఈ గుచ్ఛం వయసు సుమారు 65 కోట్ల ఏళ్లు. ఉండవలసినన్ని చిన్న నక్షత్రాలు దానిలో లేవు. 2019లో గయా కొలతల్లో వాటి ఆచూకీ దొరికింది: గుంపుకు ముందూ వెనుకా వందల కాంతి సంవత్సరాల పొడవైన రెండు తోకల్లా చెదిరి ఉన్నాయి. కృత్తికలకు మరో పాతిక కోట్ల ఏళ్ల తర్వాత ఇదే గతి అని అంచనా.

ఆ తర్వాతి దశ మన పెళ్లిళ్లలో ఉంది. సప్తర్షుల్లో పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు, ఈ ఐదు నక్షత్రాలూ సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో, ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోతున్నాయి. రెండు కొసల్లోని క్రతువు, మరీచి మాత్రం వేరే దారిన పోతున్నాయి. 1869లో రిచర్డ్ ప్రాక్టర్ దీన్ని గుర్తించాడు. వసిష్ఠుడి పక్కనే పురోహితుడు కొత్త దంపతులకు చూపించే అరుంధతి కూడా ఆ గుంపులోదే. 40 నుంచి 50 కోట్ల ఏళ్ల కిందట కలిసి పుట్టిన గుచ్ఛంలో ఇప్పుడు మిగిలింది ఈ చిన్న గట్టి ముద్ద. మిగతా సభ్యులు ఆకాశమంతా చెదిరిపోయారు. ఇది రోహిణీ శకటం గుంపు కన్నా చిన్న వయసుదే అయినా ముందే చెదిరింది. ఎంతకాలం నిలుస్తుందనేది వయసు కన్నా మొదట ఎంత బరువుతో పుట్టిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

బరువు మరీ ఎక్కువైతే ఏమవుతుందో గోళాకార గుచ్ఛాలు చెబుతాయి. పాలపుంతలో 150కి పైగా ఉన్నాయి. లక్షల నక్షత్రాలు బంతిలా గుమిగూడి 1,100 నుంచి 1,300 కోట్ల ఏళ్లుగా నిలిచాయి. అవి కూడా ఆవిరవుతున్నాయి, కానీ నిల్వ ఎక్కువ. వాటి నడిమి భాగం కుంగుతూ పోయి ఒక దశలో నిలిచిపోతుంది, ఎందుకంటే అక్కడి జంట నక్షత్రాలు దగ్గరగా వచ్చినవాటిని విసిరికొట్టి, వేడిని తిరిగి అందిస్తాయి. ఇరుకులో ఇంకో వింత కూడా జరుగుతుంది: ఆరిపోవలసిన వయసులో కొన్ని నక్షత్రాలు నీలంగా, యువకుల్లా వెలుగుతుంటాయి. 1953లో అలన్ సాండేజ్ వీటిని గుర్తించాడు. ఇవి పక్క నక్షత్రం నుంచి పదార్థాన్ని పొందినవో, రెండు కలిసిపోయినవో. పాత వివృత గుచ్ఛాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్, ధ్రువ నక్షత్రం వైపున్న ఎన్‌జీసీ 188 అనే గుచ్ఛంలో అలాంటి ఒక నక్షత్రం పక్కన వేడి జంటతారను అతినీలలోహిత కాంతిలో పట్టుకుంది. ఎవరి నుంచి పదార్థం వచ్చిందో అలా తెలిసింది.

నేను పైన ఒకే వయసు అన్న మాట గోళాకార గుచ్ఛాలకు పూర్తిగా వర్తించదు. ఒమేగా సెంటారీ అనే అతి పెద్దదానిలో రసాయన మిశ్రమం వేర్వేరుగా ఉన్న పలు తరాల నక్షత్రాలు ఉన్నాయి. అది ఒకప్పుడు చిన్న గెలాక్సీ గుండె అయి ఉంటుందని చాలామంది భావిస్తున్నారు. 2024లో దాని నడుమ అతి వేగంగా కదిలే ఏడు నక్షత్రాలను బట్టి, కనీసం 8,200 సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉందన్న ఆధారం బయటపడింది.

మన సూర్యుడి సంగతి అడగలేదు కానీ, చెప్పకుండా ఉండలేను. ఉల్కాశకలాల్లో, త్వరగా క్షీణించే అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం ఒకనాడు ఉండేదన్న గుర్తులు దొరికాయి. సూర్యుడు పుట్టినప్పుడు దగ్గరలో పెద్ద నక్షత్రాలు ఉండేవని దీన్ని బట్టి అనుకుంటున్నారు. అంటే సూర్యుడికీ ఒకనాడు తోబుట్టువులు ఉండేవి. 460 కోట్ల ఏళ్లలో పాలపుంత చుట్టూ సుమారు ఇరవై చుట్లు తిరిగేలోగా వారంతా ఎటో వెళ్లిపోయారు.

మీరు చూడాలనుకుంటే ఇలా చేయండి. ఫిబ్రవరి నడిమిలో చంద్రుడు లేని రాత్రి, పది గంటలకు మేడ ఎక్కండి. పడమర వైపు కృత్తికలు, వాటి పైన రోహిణి శకటం, నైరుతిలో గొల్లకావడి కింద ఓరియన్ నీహారిక, ఈశాన్యాన పైకి వస్తున్న సప్తర్షులు, నాలుగు దశలూ ఒకే చోట నుంచి కనిపిస్తాయి. పది ఇంటూ యాభై బైనాక్యులర్ సరిపోతుంది, మోచేతులు గోడ మీద ఆనించుకుంటే చేయి వణకదు. మే నడిమిలో అదే వేళకు నగర దీపాలకు దూరంగా దక్షిణం వైపు తిరగండి. హైదరాబాదు నుంచి ఒమేగా సెంటారీ దిగంతానికి 25 డిగ్రీల ఎత్తులో మసక చుక్కలా కనిపిస్తుంది. అందులో దాదాపు కోటి నక్షత్రాలు ఉన్నాయి, దూరం 17 వేల కాంతి సంవత్సరాలు. కృత్తికల్లో ఎన్ని లెక్కపెట్టారో ఈసారి రాయండి.